రాజుగారి తోట, నాబోతు ద్రాక్షతోట



గత నెలలో మన సండే స్కూల్ పిల్లలను, యౌవనస్థులను, కొందరు పెద్దలను వెంటబెట్టుకుని హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్ చూసి వచ్చాం. రాలేకపోయినవారు "అక్కడేం చూశారు?" అని అడుగుతూనే ఉన్నారు. చూసింది చెప్తాం. చూసినప్పటి నుండి మా మనసును వదలని వాక్యం కూడా చెప్తాం.

తెల్లవారుజామున బయలుదేరాం. వరంగల్ దాటి స్టేషన్ ఘన్‌పూర్ రాగానే ఒక పెద్దాయన ఎడమ చేతి వైపు చూపించి, "పాలకుర్తి అటే. చాకలి ఐలమ్మ ఊరు" అని పిల్లలకు చెప్పారు. 1940ల నడుమ ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖు లాక్కోవాలని చూశాడు. ఆంధ్ర మహాసభ వాళ్లు ఆమెకు అండగా నిలబడ్డారు. పంట ఆమె ఇంటికే చేరింది. ఆ రోజుల్లో ఊళ్లలో మహాసభను 'సంఘం' అనే పిలిచేవారు. ఆ మాట విని పిల్లలు "మన సంఘం లాంటిదా?" అని అడిగారు. అప్పుడు మేము నవ్వి ఊరుకున్నాం.

చౌమహల్లా అంటే నాలుగు మహళ్లు. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో పని మొదలైంది. 1857 నుండి 1869 వరకు ఏలిన ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా రోజుల్లో పూర్తయింది. అప్పట్లో 45 ఎకరాలుండేది. ఇప్పుడు మిగిలింది అందులో మూడో వంతు కూడా లేదు. దక్షిణపు ముంగిట్లో అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, అఫ్తాబ్ మహళ్లున్నాయి. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ 1682లో తన దర్బారును వెర్సాయికి మార్చాక, పెద్ద మేడ, కొలిచి గీసినట్టున్న తోట, నడుమ నీళ్లు అనే మోజు యూరప్ రాజులందరికీ పట్టుకుంది. అఫ్జల్ మహల్ ఎత్తయిన స్తంభాల్లో ఆ యూరప్ తీరు కనబడుతుంది. మిగతా చోట్ల మొఘలుల పద్ధతి, పర్షియా పద్ధతి కలిసి ఉన్నాయి. తోటలో పొడవాటి హౌజు, ఫౌంటెన్లు, కత్తిరించిన పచ్చిక. పిల్లలు నీళ్లలో మేడ నీడ చూసి గంతులేశారు.

ఖిల్వత్ ముబారక్ అనే దర్బారు హాలులో పాలరాతి గద్దె ఉంది. పైన 19 షాండ్లియర్లు వేలాడుతున్నాయి. ఆ మెట్ల దగ్గర మనతో వచ్చిన ఒక అవ్వ ఆగిపోయింది. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. "విప్పనక్కర లేదవ్వా" అంటే, "గడి ముందట చెప్పులేసుకొని నడువద్దని మా అమ్మ చెప్పేది బిడ్డా" అంది. వాళ్లమ్మ దొర ఇంట్లో వెట్టి చేసిన మనిషి. దొరలు లేరు, గడీలు కూలిపోయాయి. ఆ భయం మాత్రం తల్లి నుండి బిడ్డకు వచ్చింది.

మంచిని కూడా చెప్పాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో నిజాం పెట్టిందే. మన వరంగల్‌లో ఎన్నో ఇళ్లకు కూడు పెట్టిన ఆజంజాహీ మిల్లుకు ఆయన కొడుకు పేరే ఉంది. అయితే అదే రాజ్యంలో సర్ఫ్-ఎ-ఖాస్ అనే భూములుండేవి. వాటి రాబడి నేరుగా నిజాం సొంత ఖర్చుకు పోయేది. 1948లో రాజ్యం పోయింది, 1949లో ఆ భూములూ జాగీర్లూ పోయాయి. ప్యాలెస్ పాడుబడింది. 2000 తరువాత బాగుచేసి జనానికి తెరిచారు. 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. ఎనిమిదవ నిజాంగా పేరున్న ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూస్తే, ఆయన భౌతికకాయాన్ని జనం చూపు కోసం ఇక్కడే ఉంచి, మక్కా మసీదులో సమాధి చేశారు. తోటలు వేయించి, చెరువులు తవ్వించిన సొలొమోను అదంతా వ్యర్థమని ఎందుకన్నాడో ప్రసంగి 2వ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

అయితే మమ్మల్ని పట్టుకున్న వాక్యం అది కాదు. మొదటి రాజులు 21వ అధ్యాయం. అహాబు రాజు నగరు పక్కనే నాబోతు ద్రాక్షతోట ఉంది. రాజుకు అది కూరతోటకు కావాలి. ఊరికే అడగలేదు. ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల కట్టిస్తానన్నాడు. బేరం న్యాయమైనదే! నాబోతు మాత్రం అది పితరుల స్వాస్థ్యం కనుక ఇవ్వనన్నాడు. రాజు మొహం తిప్పుకుని, అన్నం మానేసి పడుకున్నాడు. చంపించింది యెజెబెలే. కానీ పాపం మొదలైంది పేదవాడి 'ఇవ్వను' అనే మాటను పెద్దవాడు ఓర్చుకోలేకపోయిన చోట.

ఇప్పుడు మన సంగతి. మందిరం ముందు పూలతోట వేయాలని మనం అనుకుంటున్నాం. తూర్పున ఒక ముసలమ్మ పెరడు ఉంది. ఒక మునగచెట్టు, నాలుగు వంగమొక్కలు. మంచి ధర ఇస్తామన్నాం. అత్తగారి నాటి నేల అని రెండుసార్లు కాదంది. పెద్దమనుషులతో చెప్పిద్దామని కమిటీలో అనుకున్నాం. దేవుని పనికే కదా అని కాపరిగా మేము కూడా తల ఊపాం. రాజు తోటలో నిలబడి ఉండగా ఆ తల ఊపడమే గుర్తొచ్చింది. బస్సులో పిల్లలు అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. ఐలమ్మ పక్కన నిలబడింది ఒక సంఘం. ఈ అమ్మకు ఎదురుగా నిలబడింది మన సంఘం.

నిన్న సాయంత్రం ఇద్దరు పెద్దలతో కలిసి ఆమె ఇంటికి వెళ్లి, ఇక అడగమని, క్షమించమని చెప్పాం. ఆమె ఏమీ అనలేదు. కూర్చోమని పీట వేసింది.

ప్రియులారా, వచ్చే ఆదివారం ఆరాధన తరువాత అందరం కూర్చుందాం. మన హద్దులోనే పట్టినన్ని మొక్కలు పెడదాం. తోట చిన్నదైనా పరవాలేదు.

ప్రభువా, మా పొరుగువారి 'వద్దు' అనే మాటలో నీ స్వరం వినే చెవులు మాకు దయచేయుము. ఆమేన్.