కీక్యాడ్‌లో విద్యుత్ సంధానాల చిత్రణ

కీక్యాడ్ అనేది ఎలక్ట్రానిక్ వలయాల రూపకల్పనకు ఉపయోగించే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇందులో వలయ పటాన్ని గీయడానికి ఉన్న భాగాన్ని స్కీమాటిక్ ఎడిటర్ అంటారు. దీనికి ఈస్కీమా అనే పేరు కూడా ఉంది. విడిభాగాల చిహ్నాలను పటంపై ఉంచి, వాటి పిన్నులను తీగలతో గానీ పేర్లతో గానీ కలపడాన్ని సంధానాల చిత్రణ అంటారు. వలయ పటం చూడడానికి బొమ్మ వలె ఉన్నప్పటికీ, సాఫ్టువేరుకు అది ఏ పిన్ను ఏ పిన్నుతో కలిసి ఉన్నదో తెలిపే పట్టిక. ముద్రిత వలయ ఫలకంపై రాగి దారులను ఈ పట్టిక ఆధారంగానే గీస్తారు. కాబట్టి పటంలో కంటికి కలిసినట్లు కనిపించి, నిజానికి కలవని తీగ ఫలకంలో కూడా తెగిపోయిన దారిగానే మిగులుతుంది.

చరిత్ర

కీక్యాడ్‌ను ఫ్రాన్సు దేశానికి చెందిన జాఁ-పియెర్ షారాస్ 1992లో ప్రారంభించాడు. యూరోపియన్ అణు పరిశోధనా సంస్థ సెర్న్ 2013 నుండి దీని అభివృద్ధికి తోడ్పడింది. 2021 డిసెంబరులో వెలువడిన 6వ వెర్షనులో వలయ పటాలను దాచే ఫైలు రూపం మారింది. ఈ సాఫ్టువేరు గ్నూ జీపీఎల్ లైసెన్సు క్రింద ఉచితంగా లభిస్తుంది.

నెట్

ఒకదానితో ఒకటి విద్యుత్ పరంగా కలిసి ఉన్న పిన్నుల సముదాయాన్ని నెట్ అంటారు. తీగ ఎంత పొడవున్నా, ఎన్ని మలుపులు తిరిగినా నెట్ మారదు. ఒక పటంలోని నెట్‌లన్నిటి జాబితాను నెట్‌లిస్ట్ అంటారు.

తీగలు, గ్రిడ్

తీగను గీయడానికి కీబోర్డుపై డబ్ల్యూ మీటను నొక్కుతారు. తీగ కొన, పిన్ను కొన ఖచ్చితంగా ఒకే బిందువు వద్ద ఉంటేనే సంధానం ఏర్పడుతుంది. ఈ కారణం చేత చిహ్నాలను, తీగలను 50 మిల్లుల గ్రిడ్‌పై, అనగా 1.27 మిల్లీమీటర్ల గళ్ళపై ఉంచడం ఆనవాయితీ. చిన్న గ్రిడ్‌కు మారి చిహ్నాన్ని కొద్దిగా జరిపినచో, కొనలు తాకినట్లే కనిపిస్తాయి గానీ కలవవు. కలవని పిన్ను కొన వద్ద చిన్న వృత్తము, కలవని తీగ కొన వద్ద చిన్న చతురస్రము కనిపిస్తాయి. సంధానం ఏర్పడగానే అవి మాయమవుతాయి.

అలంకారం కోసం గీసే సాధారణ గీతలకు విద్యుత్ అర్థం లేదు. వాటితో రెండు పిన్నులను కలిపినా నెట్ ఏర్పడదు. అలాగే చిహ్నాన్ని ఎం మీటతో జరిపితే తీగలు వెంట రావు. జి మీటతో లాగితే తీగలు అంటిపెట్టుకొని వస్తాయి.

సంధి బిందువులు

రెండు తీగలు ఒకదానినొకటి దాటిపోయినంత మాత్రాన కలిసినట్లు కాదు. అవి కలవాలంటే అక్కడ సంధి బిందువు ఉండాలి. దీనిని జె మీటతో ఉంచవచ్చు. ఒక తీగ కొనను మరొక తీగ మధ్యలో ముగిస్తే సంధి బిందువు దానంతట అదే ఏర్పడుతుంది. నాలుగు తీగలను ఒకే బిందువు వద్ద కలపకుండా, కొద్ది దూరంలో రెండు మూడు-దారుల సంధులుగా విడదీయడం మంచి పద్ధతి. కాగితంపై బిందువు చెరిగిపోయినా అప్పుడు పాఠకుడు పొరబడడు.

లేబుళ్ళు, విద్యుత్ సరఫరా చిహ్నాలు

దూరంగా ఉన్న పిన్నులను తీగ లేకుండా పేరుతో కలపవచ్చు. లేబుళ్ళు మూడు రకాలు:

* స్థానిక లేబుల్ – ఒకే పుటలో అదే పేరు గల తీగలను కలుపుతుంది.
* గ్లోబల్ లేబుల్ – పటంలోని అన్ని పుటలకూ వర్తిస్తుంది.
* అంతస్తుల లేబుల్ – ఉప పుటలోని తీగను, పై పుటలో ఆ ఉప పుటను సూచించే పెట్టెపై ఉన్న పిన్నుతో కలుపుతుంది.

గ్రౌండు, సరఫరా చిహ్నాలు కూడా పేరుతోనే పటమంతటా కలుస్తాయి. కొన్ని లాజిక్ ఐసీల చిహ్నాలలో సరఫరా పిన్నులు కనిపించకుండా దాగి ఉంటాయి. ఉదాహరణకు 7400 ఐసీలో 14వ పిన్ను సరఫరాకు, 7వ పిన్ను గ్రౌండుకు చెందినవి. అటువంటి దాగిన సరఫరా పిన్ను తన పేరు గల నెట్‌తో తానే కలుస్తుంది. పటంలో సరఫరాకు వేరే పేరు పెట్టినచో ఆ ఐసీకి విద్యుత్తు అందదు.

ఉదాహరణ

555 టైమరును నిరంతర డోలకంగా వాడే వలయంలో 2వ, 6వ పిన్నులు ఒకే నెట్‌లో ఉండాలి. 4వ, 8వ పిన్నులు సరఫరాతోను, 1వ పిన్ను గ్రౌండుతోను కలుస్తాయి. సరఫరాకు 7వ పిన్నుకు మధ్య ఒక నిరోధకము, 7వ పిన్నుకు 6వ పిన్నుకు మధ్య మరొకటి, 6వ పిన్నుకు గ్రౌండుకు మధ్య కెపాసిటరు ఉంటాయి. 2వ పిన్ను నుండి వచ్చే తీగ 6వ పిన్ను తీగకు ఒక గడి ముందే ఆగిపోతే, 2వ పిన్ను దేనికీ అంటక మిగులుతుంది. అప్పుడు వలయం సక్రమంగా డోలనం చేయదు.

విద్యుత్ నియమాల తనిఖీ

పటం పూర్తయిన తరువాత విద్యుత్ నియమాల తనిఖీని నడపాలి. ఇది ప్రతి పిన్ను రకాన్ని చూసి, కలవని పిన్నులను, ఒకదానితో ఒకటి కలిసిన రెండు అవుట్‌పుట్లను, సరఫరా అందని పిన్నులను చూపుతుంది. కావాలనే వదిలివేసిన పిన్నుపై క్యూ మీటతో గుణకారపు గుర్తును ఉంచాలి. సరఫరా కనెక్టరు ద్వారా బయటి నుండి వచ్చేటప్పుడు ఆ నెట్‌పై పవర్ ఫ్లాగ్ అనే చిహ్నాన్ని ఉంచితే దోష సూచన తొలగుతుంది.

అయితే ఈ తనిఖీ నియమాలను మాత్రమే చూస్తుంది, రూపకర్త ఉద్దేశాన్ని ఎరుగదు. పై ఉదాహరణలో ఒక గడి ముందే ఆగిన తీగను ఇది పట్టుకొంటుంది. అదే తీగను 6వ పిన్నుకు బదులు 7వ పిన్నుతో కలిపితే ఏ నియమమూ తప్పినట్లు కాదు గనుక ఊరుకొంటుంది. అందువలన ఫలకాన్ని తయారీకి పంపే ముందు నెట్‌లను ఐసీ డేటాషీటుతో ఒక్కొక్కటిగా సరిచూడడం అవసరం.