వివాదాస్పద నవలల ప్రూఫు ప్రతుల సేకరణ

తప్పులు దిద్దడానికీ, సమీక్షకులకూ పుస్తక విక్రేతలకూ ముందుగా పంపడానికీ తీసే ప్రతిని ప్రూఫు ప్రతి అంటారు. సాదా అట్ట, అమ్మకానికి కాదన్న మాట, కొద్దిపాటి ప్రతులు. పని తీరితే చిత్తుబుట్టే గతి. చాలాకాలం సేకర్తలు తొలి ముద్రణ వెంటే పడ్డారు, ప్రూఫులను పెద్దగా పట్టించుకోలేదు. నిషేధాలు, దావాలు ఎదుర్కొన్న నవలల విషయంలో ఇది తీరని నష్టం. ఒత్తిడికి లొంగి తీసేసిన మాటలు ఒక్కోసారి ప్రూఫులోనే మిగులుతాయి.

జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ను ధారావాహికగా వేసినందుకు ‘లిటిల్ రివ్యూ’ పత్రిక సంపాదకులకు 1921లో న్యూయార్క్ కోర్టు జరిమానా విధించింది. చివరికి పారిస్‌లో పుస్తకాల దుకాణం నడుపుతున్న సిల్వియా బీచ్ 1922 ఫిబ్రవరి 2న దాన్ని ప్రచురించింది. డీజాన్ నగరపు ముద్రాపకుడు దారంతియేర్ పంపిన ప్రూఫుల అంచుల్లో జాయిస్ ఎడతెగకుండా కొత్త వాక్యాలు చేర్చాడు. నవలలో దాదాపు మూడో వంతు అలా ప్రూఫుల మీదే పుట్టింది. 1924లో న్యూయార్క్ న్యాయవాది జాన్ క్విన్ దగ్గరున్న రాతప్రతి వేలానికి వస్తే, ఫిలడెల్ఫియా వ్యాపారి రోజెన్‌బాక్ 1,975 డాలర్లకు పాడుకున్నాడు. దిద్దిన ప్రూఫులు కూడా కావాలని అడిగితే జాయిస్ ససేమిరా అన్నాడు. రాతప్రతి అంత చవగ్గా పోయిందన్న బాధ ఆయనకు మిగిలింది.

గ్రహమ్ గ్రీన్ ‘స్టాంబూల్ ట్రెయిన్’ (1932)ది మరో కథ. ముందస్తు ప్రతి చదివిన రచయిత జె.బి. ప్రీస్ట్లీ, అందులోని సావరీ పాత్ర తననే ఎగతాళి చేస్తోందని పరువునష్టం దావా వేస్తానన్నాడు. అప్పటికే 13,000 ప్రతులు బైండయి ఉన్నాయి. సుమారు ఇరవై పుటలు మళ్లీ అచ్చువేయాల్సి వచ్చింది. మార్పుకు ముందు బయటికి వెళ్లిన ప్రతులే గ్రీన్ అసలు రాసిందానికి సాక్ష్యం.

జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ ప్రూఫు ఇంకా విచిత్రమైంది. సోవియట్ రష్యా బ్రిటన్‌కు మిత్రదేశంగా ఉన్న రోజుల్లో గొలాంజ్, కేప్, ఫేబర్ ప్రచురణ సంస్థలు ఈ నవలను కాదన్నాయి. సెకర్ అండ్ వార్బర్గ్ ఒప్పుకుంది. దాని ప్రూఫులో ముందుమాట కోసం కొన్ని పుటలు వదిలిపెట్టారు. 1945 ఆగస్టులో వెలువడిన పుస్తకంలో ముందుమాట లేదు, పుటల అంకెలు మార్చేశారు. ముందుమాటగా రాసిన పత్రికా స్వేచ్ఛ గురించిన ఆ వ్యాసం చాలా ఏళ్ల తర్వాత దొరికి, 1972లో అచ్చయింది. ఇంగ్లండులో మేధావులు తమంతట తామే నోరు నొక్కుకుంటున్నారని అందులో ఆర్వెల్ ఘాటుగా రాశాడు. ఆ మాటలకు ఒకప్పుడు పుస్తకంలో చోటు కేటాయించారని ప్రూఫు ఒక్కటే చెబుతుంది.

సల్మాన్ రష్దీ ‘సటానిక్ వర్సెస్’ను భారతదేశంలో వేయవద్దని, పెంగ్విన్ సలహాదారుగా ఖుష్వంత్ సింగ్ అచ్చుకు ముందే చదివి చెప్పాడు. 1988 సెప్టెంబరులో లండన్‌లో వైకింగ్ సంస్థ విడుదల చేసింది; అక్టోబరులో భారత ప్రభుత్వం దిగుమతిని నిషేధించింది. దాని వైకింగ్ ప్రూఫులు కూడా సేకర్తలు వెతికే ప్రతులే.

నేడు ముందస్తు ప్రతులు చాలావరకు ఎలక్ట్రానిక్ ఫైళ్లుగా వెళ్తున్నాయి. కాగితపు ప్రూఫు కొనేవారు దాన్ని తొలి ముద్రణ పక్కన పెట్టి పుట పుటా పోల్చి చూడాలి. తేడా ఏమీ లేని ప్రూఫు ఎంత అరుదైనదైనా సాహిత్య చరిత్రకు పెద్దగా పనికిరాదు.