తాకకుండానే కలిసే నక్షత్రలోకాలు

కార్తీకమాసంలో వెన్నెల లేని రాత్రి, సంగం దగ్గర పెన్న ఒడ్డున నిలబడి ఉత్తరం వైపు తలెత్తితే చుక్కల నడుమ ఒక మసక మచ్చ కనిపిస్తుంది. అదే ఆండ్రోమెడా. అది మన పాలపుంతలోని మేఘమా, వేరే నక్షత్రలోకమా అన్న తగవు చాలాకాలం నడిచింది. 1923లో ఖగోళవేత్త ఎడ్విన్ హబుల్ అందులో వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే ఒక చుక్కను పట్టుకుని, దాని సాయంతో దూరం లెక్కగట్టాడు. అది పాలపుంతకు ఎంతో ఆవల ఉన్న వేరే నక్షత్రలోకం, అంటే గెలాక్సీ, అని తేలింది. 1926లో ఆయనే గెలాక్సీలను సర్పిలాలు, దీర్ఘవృత్తాకారాలు, ఏ రూపమూ కుదరనివి అని విడదీశాడు. రకాలు తెలిశాయి గానీ, ఆ రూపాలు ఎలా వచ్చాయో తెలియలేదు.

రెండు గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుంది? కంప్యూటర్లు లేని 1941లో స్వీడన్‌కు చెందిన ఎరిక్ హోంబర్గ్‌కు అద్భుతమైన ఉపాయం తట్టింది. దూరం పెరిగేకొద్దీ గురుత్వాకర్షణ ఏ లెక్కన తగ్గుతుందో, వెలుగూ అదే లెక్కన తగ్గుతుంది. ఒక్కో గెలాక్సీకి 37 చొప్పున బల్బులు పరిచి, ఒక్కొక్క చోట పడే వెలుగును కొలుస్తూ, ఆ కొలతను బట్టి బల్బులను కొంచెం కొంచెం జరిపాడు. దగ్గరగా వచ్చిన గెలాక్సీలు వేగం కోల్పోయి ఒకదానికొకటి చిక్కగలవని చూపించాడు. ఇంత గొప్ప ప్రయోగాన్ని చాలా ఏళ్లు ఎవరూ అందుకోలేదు. 1951లో ఖగోళవేత్తలు స్పిట్జర్, బాడే మరో చిత్రం గీశారు: నక్షత్రాల మధ్య దూరాలు అపారం కనుక గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతాయి, వాయువు మాత్రమే ఊడ్చుకుపోతుంది.

మరి నక్షత్రాలకు నిజంగా ఏమీ కాదా? ఈ ప్రశ్నను పట్టుకున్నవాడు మన హైదరాబాదీ, సాలెహ్ మహమ్మద్ అల్లాదీన్. ఉస్మానియాలో చదివి షికాగోకు వెళ్లి, గెలాక్సీల గుద్దుకోళ్ల మీదే పరిశోధన చేశారు. అసలు చిక్కు, కోటానుకోట్ల నక్షత్రాలను ఒక్కొక్కటిగా లెక్కించలేకపోవడం. అందుకని గెలాక్సీని మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉండే గోళంగా తీసుకున్నారు. గుద్దుకోలు వేగంగా జరిగిపోతుంది కనుక ఆ కాసేపూ నక్షత్రాలు దాదాపు కదలనట్టే అనుకున్నారు. అప్పుడు లెక్క చేతికందింది. నక్షత్రాలు ఒకదాన్నొకటి తాకకపోయినా, గురుత్వం కుదుపుకు వాటి శక్తి మారుతుంది. ఆ శక్తి గెలాక్సీల గమనం నుంచే రావాలి, అంటే వాటి వేగం తగ్గాలి. ఈ ఫలితాలు 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చాయి.

ఆయన తిరిగొచ్చి ఉస్మానియాలోనే శిష్యులను తయారుచేశారు. 1908లో నిజాం ప్రభుత్వ ఆధ్వర్యంలోకి వచ్చిన నిజామియా వేధశాల అప్పటికే ఆ విశ్వవిద్యాలయానిది. 1968లో దాని తరఫునే జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నిలిచింది. అల్లాదీన్ బృందం మాత్రం సిద్ధాంత లెక్కలతో ముందుకు నడిచింది. ఆ పట్టుదల నాకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది.

1972లో ఖగోళవేత్తలైన టూమ్రే సోదరులు, గెలాక్సీల మధ్య కనిపించే పొడవాటి తోకలు, వంతెనలు గురుత్వం లాగిన ఆనవాళ్లేనని కంప్యూటరుతో చూపారు. ఐదేళ్ల తర్వాత అలార్ టూమ్రే, రెండు సర్పిలాలు కలిస్తే దీర్ఘవృత్తాకార గెలాక్సీ పుడుతుందన్నాడు. సంగం దగ్గర పెన్నలో కలిసిన బీరాపేరు నీటిని మళ్లీ వేరుచేయలేనట్టే, క్రమంగా తిరిగే రెండు చక్రాల నక్షత్రాలూ కలగలిసిపోతాయి. 1982లో అల్లాదీన్, మరో పరిశోధకుడు నరసింహన్‌తో కలిసి, ఈ రంగంలో అప్పటిదాకా తెలిసినదాన్ని ఫిజిక్స్ రిపోర్ట్స్ పత్రికలో సమీక్షించారు. ఇలాంటి కలయిక మన దగ్గరా సాగుతోంది: 1994లో, ధనుస్సు రాశి దిక్కున ఒక చిన్న గెలాక్సీని మన పాలపుంతే చీల్చి కలుపుకుంటోందని ఖగోళవేత్తలు కనిపెట్టారు.