కొలిమిలోని సుడులు

గోదావరిఖనిలో బొగ్గుపొయ్యి రాజేయు ఇల్లాలికి తెలిసిన సంగతి ఒకటి కలదు: బొగ్గు ఎంత మంచిదైనను, సందులలోనికి గాలి దూరనిదే పొగయే గాని మంట రాదు. ఈ చిన్న సంగతిని లెక్కలలోనికి దింపుటకు శాస్త్రజ్ఞులకు దాదాపు తొంబది ఏండ్లు పట్టినది.

1883లో ఆస్బర్న్ రెనాల్డ్సు గాజుగొట్టములో పారు నీటిలోనికి సన్నని రంగుధారను విడిచి చూచెను. నీరు మెల్లగా పారినంతసేపు రంగు దారమువలె నిలిచినది; వడి హెచ్చగానే సుడులు తిరిగి నీటిలో కలిసిపోయినది. కొలిమిలో గాలిని ఇంధనముతో కలుపునవి అట్టి సుడులే. పెద్ద మంటలలో దహనవేగమును నిర్ణయించునది చాలవరకు ఆ సుడులు చితికిపోవు వేగమేనని లండనులోని ఇంపీరియల్ కళాశాల ఆచార్యుడు బ్రయన్ స్పాల్డింగు 1971లో ప్రతిపాదించెను. మరుసటి యేడు సుహాస్ పటాంకరుతో కలిసి, ప్రవాహ సమీకరణములను కంప్యూటరుచే సాధించు పద్ధతిని ప్రకటించెను. కొలిమిని ఊహలో వేల గదులుగా విభజించి, ప్రతి గదిలోనికి వచ్చిపోవు గాలి, వేడిమి, ఇంధనముల జమాఖర్చు వ్రాయుట. మన కరణముల విద్యయే సుమా!

ఆ దశకముననే రామగుండములో బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారము లేచినది. 1980లో ఉత్పత్తి ఆరంభమైనది. లక్ష్యము దినమునకు 1500 టన్నులు. పిండివలె నూరిన బొగ్గును ఆమ్లజనితోను ఆవిరితోను కలిపి ఊది, వాయువుగా మార్చవలెను. గడువు సుమారు ఒక సెకండు. పైగా ఆమ్లజనిని పిసినారివలె కొలిచి ఇయ్యవలెను: ఎక్కువ అందిన రేణువు వట్టిగా కాలిపోవును, అందనిది కాలకయే వెడలిపోవును. బూడిద హెచ్చుగా గల బొగ్గుతో ఈ పని మరింత కఠినము. దానికి తోడు విద్యుత్తు అంతరాయములు, యంత్రముల చిక్కులు, నష్టములు. 1999లో ఉత్పత్తి నిలిచిపోయినది.

తప్పంతయు బొగ్గుదే యనుట మాకు సమ్మతము కాదు. ఆ సింగరేణి బొగ్గే అదే ఊరిలో ఎన్.టి.పి.సి. కొలిములలో 1983 నుండి మండుచున్నది. అయితే అచ్చట గాలిని అవసరమునకు మించి ఇయ్యవచ్చును. కలయికలోని కొరతను ఆ మిగులు గాలి కొంత కప్పిపుచ్చును. వాయుకొలిమికి ఆ వెసులుబాటు లేదు.

2021లో రామగుండమున క్రొత్త కర్మాగారము యూరియా చేయనారంభించినది. దానికి ముడిసరుకు బొగ్గు కాదు, సహజవాయువు. 1980లోనే మొదలై, అదే విధముగా మూతపడిన ఒడిశాలోని తాల్చేరు కర్మాగారమును మాత్రము మరల బొగ్గుతోనే నిర్మింప పూనుకొనిరి. ఈసారి బూడిద పాలు తగ్గించుటకు పెట్రోలియం కోకును కలుపుదురట.