చెవికి పెరిగిన మార్కులు

చైనాలో ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి యూనివర్సిటీ పిల్లలు పెన్సిలుతో పాటు హెడ్‌ఫోన్ కూడా పట్టుకుని పరీక్ష హాలుకు వస్తారు. చాలా క్యాంపసుల్లో ఆ హెడ్‌ఫోన్‌లోనే చిన్న ఎఫ్‌ఎం రేడియో ఉంటుంది. కాలేజీ ట్రాన్స్‌మిటర్ నుంచి ఇంగ్లిషు మాటలు అందులోకి వస్తాయి. వినిపించేది ఒక్కసారే. బ్యాటరీ అయిపోయినా, స్టేషన్ గరగరలాడినా ఇంతే సంగతులు! వినే భాగం ముగియగానే ఆ జవాబుపత్రం తీసేసుకుంటారు. చదివే ప్రశ్నలు ఆ తర్వాతే.

ఇదే కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్. ఇంగ్లిషు ప్రధాన విషయం కాని విద్యార్థుల కోసం పెట్టింది.

సాంస్కృతిక విప్లవంలో ఆగిపోయిన జాతీయ ప్రవేశ పరీక్ష 1977లో తిరిగి మొదలైంది. దేశం తలుపులు తెరిచింది. ఇంజనీర్లకు విదేశీ పత్రికలు, యంత్రాల మాన్యువళ్లు అర్థం కావాలి. అందుకే 1985లో సాంకేతిక కళాశాలలకు తయారైన సిలబస్ చదవడానికి పెద్దపీట వేసింది. వినడం దాని వెనక, రాయడం, మాట్లాడడం చివర. షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయంలో యాంగ్ హుయిజోంగ్, ఆయన సహచరులు పది లక్షల మాటల సాంకేతిక ఇంగ్లిషును కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కగట్టారు. ఊహ మీద కాకుండా లెక్క మీద నిలబడాలన్న ఆ పట్టుదలే ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆ యాంగ్ నాయకత్వంలోనే 1987 సెప్టెంబరులో నాలుగో స్థాయి, 1989 జనవరిలో ఆరో స్థాయి పరీక్షలు మొదలయ్యాయి.

వంద మార్కుల్లో చదవడానికి 40, వినడానికి 20. 60 వస్తే పాస్. చాలా యూనివర్సిటీలు డిగ్రీ పట్టాను దీనికే ముడిపెట్టాయి. దాంతో తరగతి గదులు నమూనా ప్రశ్నపత్రాలతో నిండిపోయాయి. చదివితే అర్థమవుతుంది, నోరు మాత్రం పెగలదు. దీన్ని చైనావాళ్లు ‘మూగ ఇంగ్లిషు’ అన్నారు. తప్పు పిల్లలది కాదు. మార్కులు ఎటుంటే చదువు అటే పోతుంది.

1999లో విడిగా మాట్లాడే పరీక్ష పెట్టారు. 2005లో పాస్, ఫెయిల్ అన్న గీతే చెరిపేసి, వచ్చిన స్కోరు మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టారు. గరిష్ఠం 710. ఆ వింత అంకెకూ లెక్కుంది: మాదిరి బృందం సగటును 500గా పెట్టుకుని, ప్రామాణిక విచలనం 70 చొప్పున మూడు మెట్లు పైకెక్కితే 710. మరుసటి ఏడాది మొదలైన కొత్త ప్రశ్నపత్రంలో వినడానికి 35 శాతం దక్కింది. చదవడానికీ అంతే. చెవి, కన్ను సమానమవడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

2016 జూన్ నుంచి నాలుగో స్థాయిలో రెండు ముక్కల చిట్టి సంభాషణలు పోయి, వార్తలు వచ్చాయి. ఇప్పుడు ఆ హెడ్‌ఫోన్‌లో మొదట పలికేది వార్తలు చదివే గొంతు.