మడచెట్టుకు ముందు నీళ్లదారి

నెల్లూరు ఆడవాళ్ల చరిత్ర అనగానే దూబగుంట, సారా ఉద్యమం, రోజుకు రూపాయి పొదుపు గుర్తొస్తాయి. అవే సంవత్సరాల్లో మా తీరంలో ఇంకో చరిత్ర కూడా నడిచింది. అది ఉప్పుటేళ్లది, మడచెట్లది. కొత్త సభ్యులకు తెలియాలని రాస్తున్నాము.

1990 తర్వాత తీరం వెంబడి రొయ్యల గుంటలు పెరిగిపోయాయి. ఒక మత్స్యకార గ్రామంలో మంచినీళ్లు ఉప్పగా మారితే, ఆడవాళ్లు గట్టిగా అడిగాకే ట్యాంకరు వచ్చింది. అదీ ఇంటికి రెండు బిందెలే. 1994లో తెగులు వచ్చి రొయ్యలు చచ్చాయి, చాలా గుంటలు ఎండాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరానికి దగ్గరగా ఉన్న గుంటలు తీసేయమంది. 2005లో వచ్చిన కొత్త చట్టం వాటికి రిజిస్ట్రేషన్ పెట్టి మళ్లీ దారి ఇచ్చింది.

మధ్యలో 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మడచెట్లు నాటాలని అందరూ అనడం మొదలైంది. అయితే నాటితే చాలదని అంతకుముందే తెలిసింది. తమిళనాడు పిచ్చావరంలో మడ అడవిని మొత్తంగా నరికిన చోట నేల కుంగి పళ్లెంలా అయింది. పోటుకు వచ్చిన నీళ్లు పాటుకు వెనక్కి పోలేదు. ఎండకు ఇగిరి ఉప్పు మిగిలింది, మొక్క బతకలేదు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు అటవీ శాఖతో కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించారు. నీళ్లు వచ్చి పోతుంటే ఉప్పు తగ్గింది, కాలువ వాలులో నాటినవి బతికాయి. తర్వాత మన కృష్ణా, గోదావరి మడ అడవుల్లోనూ ఇదే పద్ధతి పెట్టి, ఊరివాళ్లను కమిటీల్లో కలుపుకున్నారు.

చేసింది చూసుకోవడం, పనికిరానిది మార్చుకోవడం, ఇదే ఆ పని గుట్టు. మన సంఘాల్లో కూడా అంతే కదా! కిస్తీ ఆగితే ఎందుకు ఆగిందో ఆ ఇంటికెళ్లి కనుక్కుంటాం, తర్వాతే కొత్త అప్పు.

2023 జూన్ 5న కేంద్రం మడ అడవుల కోసం మిష్టి పథకం మొదలుపెట్టింది. మన ఏటిగట్లకు ఆ పని వస్తే నాటిన మొక్కల లెక్కతో సరిపెట్టుకోకూడదు. రెండేళ్ల తర్వాత బతికినవెన్నో అడగాలి. నాటిన రోజుతో కూలి ఆగిపోతే కాలువ పూడిక ఎవరు తీస్తారు? పీతలు పట్టే మన అక్కచెల్లెళ్లకు పోటూ పాటూ తెలుసు. ఆ లెక్క పుస్తకం వాళ్ల చేతిలో ఉండాలని మేము కోరుతున్నాము.