"కొంచెమే" ఆస్తమా

"నాకు కొంచెమే ఆస్తమా ఉందండీ, ఎప్పుడైనా ఆయాసం వస్తే నీలం ఇన్‌హేలర్ పీలుస్తా, అంతే." మన ఇళ్ళలో మామూలుగా వినిపించే మాటే. నా పేచీ అంతా ఆ "కొంచెమే" తోనే.

ఆస్తమాలో గొడవలు రెండు. ఊపిరి గొట్టాల చుట్టూ కండరాలు బిగుసుకోవడం ఒకటి, లోపల వాపు రెండోది. 1969లో వచ్చిన సాల్బుటమాల్ (మన నీలం ఇన్‌హేలర్) నిమిషాల్లో బిగువు సడలిస్తుంది కానీ వాపు జోలికి పోదు. సర్వర్ మొరాయించినప్పుడల్లా రీస్టార్ట్ చేయడం లాంటిదన్నమాట, బగ్ అక్కడే ఉంటుంది. వాపు తగ్గించే పీల్చుడు స్టెరాయిడు 1972లోనే వచ్చింది. కానీ రోజూ వాడాలి. ఒంట్లో బాగున్నప్పుడు మందెవరు వాడతారు చెప్పండి?

ఉపశమనం మందునే నమ్ముకుంటే ఏమవుతుందో న్యూజిలాండు చూసింది. 1976లో ఫెనోటెరాల్ అనే ఘాటైన ఇన్‌హేలర్ అక్కడికొచ్చింది. ఆ వెంటనే ఆస్తమా చావులు పెరిగాయి. 1989లో జూలియన్ క్రేన్, నీల్ పియర్స్, రిచర్డ్ బీస్లీ తదితరులు లాన్సెట్‌లో ఆ రెంటికీ లంకె చూపించారు. ఆ మందును కట్టడి చేశాక చావులు బాగా తగ్గాయి.

అదే బీస్లీ ముప్పై ఏళ్ళ తర్వాత, 2019లో, తేలికపాటి ఆస్తమా ఉన్న 668 మందిపై చేసిన అధ్యయనం వెలువరించాడు. సాల్బుటమాల్ ఒక్కటే వాడినవాళ్ళలో ఏడాదికి వందమందికి సుమారు 40 సార్లు ఉబ్బసం తిరగబెట్టింది. ఆయాసం వచ్చినప్పుడే బుడెసొనైడ్-ఫార్మొటెరాల్ కలిపిన ఇన్‌హేలర్ పీల్చినవాళ్ళలో సుమారు 20 సార్లే. ఆయాసానికని పీలిస్తే దాంతోపాటే స్టెరాయిడూ లోపలికి పోతుంది మరి! పెద్దలకీ, కౌమారంలో ఉన్నవాళ్ళకీ ఉపశమనం మందు ఒక్కటే ఇవ్వొద్దని అంతర్జాతీయ సంస్థ జీనా చెప్పిందీ 2019లోనే.

నాకు నచ్చింది ఇదే. ఎన్నో ఏళ్ళు "రోజూ వాడవేం?" అని రోగిని తిట్టారు. చివరికి మనిషిని మార్చలేక మందిచ్చే పద్ధతి మార్చారు. యూజర్‌ని తిట్టడం మాని డిజైన్ మార్చుకోవడమంటే ఇదే కదా.

అలాగని చేతిలో ఉన్న ఇన్‌హేలర్ పారేయకండి. అయితే ఈసారి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు "నా వాపుకి మందేదీ?" అని మాత్రం తప్పక అడగండి. "కొంచెమే" అనుకునేవాళ్ళకీ ప్రాణం మీదికి రావచ్చు.